మక్రీనా పళ్లెంలో సున్నలు

మక్రీనాకు అక్షరం ముక్క రాదు. కానీ గోధుమలు ఉడకబెట్టడంలో ఆమెను మించినవాళ్లు ఆ ఊళ్లో లేరు. గింజ విచ్చీ విచ్చనట్టుండాలి. కాస్త ఎక్కువ ఉడికితే జావ, తక్కువైతే ముసలాళ్ల పళ్లకు గండం. చనిపోయినవాళ్ల పేరు మీద చర్చికి పట్టుకెళ్లే ఆ తీపి గోధుమలను కోలీవా అంటారు. ఎవరింట్లో ఎవరు పోయినా, "మక్రీనాని పిలవండి, ఆ చేతికి గింజ చితకదు" అనేవారు.

ఉత్తర గ్రీసులో, పొగాకు చేల మధ్య ఊరు అది. 1924 ప్రాంతంలో టర్కీనుంచి గ్రీకులను ఇటు, ఇక్కణ్నుంచి తురకలను అటు తోలినప్పుడు మూడు రకాల జనం వచ్చి పడ్డారు. పైవాడలో నల్లసముద్రపు ఒడ్డునుంచి వచ్చిన పొంతోస్ వాళ్లు. వాగు పక్కన థ్రేస్ వాళ్లు. రైలు స్టేషను వైపు టర్కీ లోపలి భాగంనుంచి వచ్చిన కప్పడోకియా వాళ్లు, అంటే మక్రీనా వాళ్లు. చర్చి చుట్టూ మాత్రం మొదటినుంచీ ఉన్న స్థానికులు. అందరూ గ్రీకులే. అయితే తామే అసలు గ్రీకులమనీ, పక్కవాడ వాళ్లలో ఏదో కల్తీ ఉందనీ ఎవరి నమ్మకం వాళ్లది. కప్పడోకియా వాళ్లకు ఇంట్లో తురక భాష తప్ప మరొకటి రాకపోవడంతో, మొదట్లో వాళ్లను అందరూ ఆడిపోసుకునేవారు.

ఈ నాలుగు వాడలూ కలిసేది ఏడాదికి కొన్నిసార్లే. అందులో ఆత్మల శనివారం ఒకటి. ఆ రోజు ప్రతి ఇల్లాలూ ఓ పళ్లెం గోధుమలు, ఓ కాగితం పట్టుకొచ్చేది. కాగితం నిండా ఆ ఇంటి చనిపోయినవాళ్ల పేర్లు. ఫాదర్‌గారు అవన్నీ ఒక్కొక్కటే చదివేవారు. చదవడం అయ్యాక ఒకరి పళ్లెంలోవి ఒకరు తిని, "దేవుడు మన్నించుగాక" అనుకోవాలి. పద్ధతి అందరిదీ ఒకటే. గొడవంతా అందులో ఏం కలపాలన్న దగ్గరే.

"దానిమ్మ గింజలు, సరే. ఈ పచ్చాకేమిటమ్మా, చచ్చినవాళ్లేమైనా మేకలా?" అనేది పర్థేనా, స్థానికుల పళ్లెం చూసి. పర్థేనా పొంతోస్ మనిషి. మక్రీనాలాగే వాగు పక్కకి కోడలిగా వచ్చింది, ఆమెకు గోడవతల ఇల్లు. ఆమె పళ్లెం నిండా బాదంలా గట్టిగా ఉండే హేజెల్ గింజలే.

"నీ పళ్లెంలో గోధుమలెక్కడే? అన్నీ గింజలేగా. మా వాళ్లకి పళ్లు ఊడిపోతాయి" అనేది మక్రీనా.

"నీదో? అది కోలీవానా, లంగా అంచా?"

ఆ మాటకు అందరూ నవ్వేవారు. మక్రీనా పళ్లెం అలా ఉండేది మరి. గోధుమల్లో ఎండు ఆప్రికాట్ ముక్కలు, దాల్చినచెక్క. పైన వేయించిన సెనగపిండి, దాని మీద నున్నగా అద్దిన చక్కెరపొడి. అంచు వెంట, కుట్టుపని చేసేవాళ్లు వేలికి తొడుక్కునే అంగుస్తానా బోర్లించి ఒత్తిన సున్నలు. ఇంట్లో పోయినవాళ్లు ఎందరో అన్ని సున్నలు. మక్రీనా తల్లి దర్జీపని చేసేది. ఈ పద్ధతి ఆమెదే, ఆ అంగుస్తానా ఆమెదే. ఇంకెవరింట్లోనూ ఇలా చేసేవారు కాదు.

తాత, నాయనమ్మ, నాన్న, అమ్మ, పిన్ని, పురిట్లోనే పోయిన ఇద్దరు తమ్ముళ్లు. మొత్తం ఏడు. ఆమె మొగుడు స్టెర్గియోస్ థ్రేస్ వాడు. వాళ్లింటి పళ్లెం సంగతి ఆడబిడ్డ చూసుకునేది. అందుకని మక్రీనా సున్నలు ఏడు దాటలేదు.

ఎనిమిదోది ఉండాలని ఊరి వాదన. ఓడ దిగాక వీళ్లందరినీ క్వారంటైన్‌లో పెట్టారు. మూడో రోజున అమ్మ పోయింది. ఐదో రోజున అన్న ప్రొద్రొమోస్‌ను జ్వరంతో మంచం మీద ఆసుపత్రికి మోసుకుపోయారు. వాడికి పదమూడేళ్లు, మక్రీనాకు పదకొండు. పోతూ పోతూ తన రొట్టె ముక్క ఆమె చేతిలో పెట్టి, "నా వాటా దాచు. వచ్చాక తింటా" అన్నాడు. ఆమె దాచింది. మర్నాడు ఆమెను వేరే గుంపుతో లారీ ఎక్కించారు. రొట్టె బూజు పట్టేదాకా ఒళ్లోనే పెట్టుకుంది.

తర్వాత రేడియోలో తప్పిపోయినవాళ్ల పేర్లు చదివే రోజులొచ్చాయి. మూడుసార్లు అన్న పేరు చదివించింది. ఎవరూ పలకలేదు.

చర్చికి రెండో కాగితం కూడా ఇస్తారు, బతికున్నవాళ్ల ఆరోగ్యం కోసం. నలభై ఏడేళ్లుగా ప్రొద్రొమోస్ ఆ కాగితంలోనే ఉన్నాడు.

"ఇంకెన్నాళ్లే?" అని పర్థేనా పొగాకు ఆకులు గుచ్చుతూ సతాయించేది. "ఒకవేళ పోయుంటే? పిడికెడు గోధుమలు పెట్టేవాళ్లు లేక అల్లాడుతుంటాడు."

"మా అన్న పోలేదు."

"నీకు తంతి కొట్టి చెప్పాడా?"

"నోరు ముయ్యవే పర్థేనా. సున్నా పెడితే చంపినట్టే. నా చేత్తో నేను చంపను."

పర్థేనా మళ్లీ ఆకులు గుచ్చడంలో పడేది. కానీ ఆమె ఇచ్చే చనిపోయినవాళ్ల కాగితంలో ఓ ప్రొద్రొమోస్ ఉన్నాడు. ఫాదర్‌గారు అది చదివినప్పుడల్లా మక్రీనా తల తిప్పి పర్థేనా వైపు చూసేది. ఒకసారి అడిగితే, "మా మేనమామ పేరులే" అంది పర్థేనా, మొహం తిప్పుకుని.

1971లో పర్థేనా చెల్లెలు పోయింది. ఆమెను ఇచ్చింది థెస్సలీలోని ఒక ఊరికి. నలభయ్యో రోజు ప్రార్థన సరిగ్గా ఆత్మల శనివారం నాడే పడింది. "నువ్వొచ్చి ఉడకబెట్టాలి. వాళ్ల చేతుల్లో నా చెల్లెలి గోధుమలు జావ కావడానికి వీల్లేదు" అని పర్థేనా పట్టుబట్టింది. ఇద్దరూ బస్సెక్కి, సగం దారి కీచులాడుకుంటూ, సగం దారి నిద్రపోతూ వెళ్లారు.

ఆ ఊరి చర్చిలో పొడవాటి బల్ల మీద పాతిక పళ్లేలున్నాయి. మక్రీనా తాము తెచ్చింది పెట్టడానికి చోటు వెతుకుతోంది. బల్ల చివర నీలం అంచు పళ్లెం ఒకటి కనబడింది. నున్నగా అద్దిన చక్కెర. అంచు వెంట సున్నలు.

మక్రీనా చేతిలోది అక్కడే దించేసి, పర్థేనా మోచెయ్యి పట్టుకుని సున్నలు లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదే. ఏడు తనకు తెలిసినవే అయ్యుండాలి. మిగతా రెండూ ఎవరివి?

పేర్లు చదవడం ఎప్పుడు అయిందో ఆమెకు తెలియదు. ముప్పై ఏళ్ల మనిషి ఒకామె, నల్లగుడ్డ తలకు కట్టుకుని ఆ పళ్లెం తీసుకుని పంచుతూ వచ్చింది. మక్రీనా అరచెయ్యి చాపింది. నోట్లో వేసుకోగానే ఆప్రికాట్ తగిలింది.

"ఎవరి పేరు మీద, తల్లీ?"

"మా నాన్నగారి పేరు మీదండీ. రెండేళ్లయింది."

మక్రీనా నమలడం ఆపేసింది. "ఈ సున్నలు..."

"అవా? ఇంట్లో పోయినవాళ్లకి ఒక్కొక్కరికి ఒకటండీ. మా నాన్న నేర్పారు. మగాడై ఉండి ఆయనే ఒత్తేవారు, మా అమ్మని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఈ ఏడు సున్నలూ నాన్న వాళ్ల అమ్మానాన్నా, పెద్దవాళ్లూ, పసిపిల్లలూను. ఇది నాన్నది. ఇదేమో మా మేనత్తది. క్వారంటైన్‌లో పోయిందట పాపం, పదకొండేళ్ల పిల్ల. నాకు ఆవిడ పేరే పెట్టారు."

"ఏం పేరమ్మా?"

"మక్రీనా."

తన ఆత్మశాంతికి పెట్టిన గోధుమలు మక్రీనా నోట్లో ఉన్నాయి. మింగలేదు, ఉమ్మలేదు. కాసేపటికి మింగి, "దేవుడు మన్నించుగాక" అంది. ఎవరి గురించి అందో ఆమెకే తెలియలేదు. ఆ తర్వాత నెమ్మదిగా, "మీ నాన్నకి ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉండేది కదూ? గాడిద తన్నింది. నేనే తోక లాగాను" అంది.

పంచే ఆమె చేతిలో చెంచా కింద పడిపోయింది.

మధ్యాహ్నమంతా ఆ ఇంట్లోనే ఫొటోలు చూస్తూ గడిచింది. చెల్లెలున్న క్వారంటైన్ గుంపులో పిల్లలెవరూ మిగల్లేదని ఆసుపత్రిలో ఎవరో అన్నకు చెప్పారట. బడిలో పిల్లలు ఏడిపిస్తున్నారని ఇంటిపేరు చివరి తురక తోక కత్తిరించుకున్నాడట. రేడియోలో పాత ఇంటిపేరు చదివితే అది ఆయనేనని ఆ ఊళ్లో ఎవరికి తెలుస్తుంది? ఐదారు గంటల బస్సు దూరంలో, నలభై ఐదేళ్లు, అన్న చెల్లెలికి గోధుమలు పెట్టాడు. చెల్లెలు అన్నకు ఆయుష్షు అడిగింది.

బయల్దేరేటప్పుడు మేనకోడలు వదల్లేక వదల్లేక, "వచ్చేసారి మీ సున్నా చెరిపేస్తానత్తా" అంది.

మక్రీనా ఏడుస్తూనే నవ్వింది. "ఎందుకే? చోటలా అట్టేపెట్టు. ఎప్పటికైనా కావాల్సిందేగా."

తిరుగు బస్సులో పర్థేనా నోరు విప్పలేదు. తన పెళ్లి నాటినుంచీ ఎరిగిన మనిషి అలా ఊరుకోవడం మక్రీనా ఎన్నడూ చూడలేదు.

మరుసటి శనివారం కూడా ఆత్మలదే, ఏడాదిలో ఆ రోజులు రెండు మూడు వరసగా వస్తాయి. మక్రీనా ఫాదర్‌గారి ముందు రెండు కాగితాలూ పెట్టి, బతికున్నవాళ్ల దాంట్లోంచి అన్న పేరు కొట్టేయించి, పోయినవాళ్ల దాంట్లో రాయించింది. ఇంటికొచ్చి చక్కెర అద్దింది. ఏడు సున్నలు గబగబా పడ్డాయి. ఎనిమిదోదానికి చెయ్యి రాలేదు. చివరికి కళ్లు మూసుకుని, అమ్మ సున్నా పక్కనే ఒత్తింది.

చర్చి బయట అరుగు మీద ఆడవాళ్లందరూ పళ్లేలు విప్పారు. పర్థేనా ఎనిమిదీ లెక్కపెట్టింది. లంగా అంచు అనలేదు.

"వాడు పోయి రెండేళ్లయిందే, పర్థేనా" అంది మక్రీనా. "రెండేళ్లు వాడు అక్కడ చెయ్యి చాచుకుని నిలబడుంటాడు. తన వాటా దాచమన్నాడు. నేనిక్కడ వాడికి ఆరోగ్యం అడుగుతున్నాను. అంతా కడుపునిండా తింటుంటే నా అన్నకి నేను గింజ పెట్టలేదు."

"నేను పెట్టాను" అంది పర్థేనా.

"ఏమిటి?"

"ఇరవై ఏళ్లుగా పెడుతున్నాను. నా కాగితంలో ఉన్న ప్రొద్రొమోస్ ఎవరనుకున్నావు?"

"మీ మేనమామ అన్నావు."

"నాకు మేనమామలెక్కడే మొద్దూ? మా అమ్మ ఒక్కతే బిడ్డ."

మక్రీనాకు ఒళ్లు మండిపోయింది. "బతికున్నవాణ్ని చచ్చినవాళ్లలో చదివించావా! పద్దెనిమిదేళ్లు!"

"చదివించాను. మీ అన్న నిన్ను చదివించలేదూ? బతికే ఉంటే నా గోధుమలు దండగ, అంతేగా. లేకపోతే పిల్లాడు ఆకలితో ఉంటాడు. నువ్వా మొండిదానివి, పెట్టవు. ఎవరో ఒకరు పెట్టాలి కదే?"

తిట్టడానికి మక్రీనా నోటినిండా మాటలున్నాయి. తురక భాషలోవి ఇంకా బాగున్నాయి. వాటికి బదులు అరచెయ్యి చాపింది.

పర్థేనా తన పళ్లెంలోంచి నిండుగా రెండు చెంచాలు వేసింది. హేజెల్ గింజలు పళ్ల కింద పటపటలాడాయి. మక్రీనా చాలాసేపు నమిలింది.

"వాడికి పళ్లు గట్టివిలే" అంది, తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకుంటూ. "నచ్చే ఉంటాయి."