ఎలీసమ్మ చెప్పని స్తోత్రం

‘మద్యం మత్తులో, ఎవరూ పురమాయించకుండానే, తనంతట తానే మురుగు తొట్టిలోకి దిగాడు’ అని వేలిముద్ర వేయాల్సిన కాగితంలో రాసి ఉంది. తిరుపతి పెద్దాసుపత్రిలో శవాల గది బయట, సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి ఆ కాగితాన్ని ఎలీసమ్మకు చదివి వినిపించినవాడు సంఘపెద్ద ఆదిమూలం.

“మావాడు తాగడు కదన్నా,” అంది ఆమె.

“కాగితానికేం తెలుసుమ్మా? దేవునికి తెలుసు కదా. ఆయనకు వదిలెయ్. పగ తీర్చేది ఆయన పని, మనది కాదు.”

ఎలీసమ్మ వేలు చాపింది. పదిహేనేళ్లుగా జ్యూస్ ఫ్యాక్టరీలో మామిడికాయలు కోసీ కోసీ, సొన కారి, ఆ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మొదటిసారి ముద్ర పడలేదు. రెండోసారీ పడలేదు. మూడోసారి ఆదిమూలమే ఆమె బొటనవేలు పట్టుకుని గట్టిగా అదిమాడు. సిరా తుడుచుకోవడానికి తన కండువా అంచు కూడా అతనే ఇచ్చాడు. ఆమె కొడుకు, ఇరవై మూడేళ్ల యోహాను, కల్లు వాసన కూడా ఎరగని పిల్లవాడని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా మళ్లీ అనలేదు.

ఇది మూడేళ్ల కిందటి సంగతి.

వడమాలపేట దాటి పుత్తూరు పోయే దారిలో, మామిడి కాలం వచ్చిందంటే లారీలు బారులు తీరే ఫ్యాక్టరీ అది. దాని వెనకనే ఆది ఆంధ్రవాడ. వాడలో సగం మందిని పనికి తోలుకుపోయే మేస్త్రీ ఆదిమూలమే, ఆదివారం ప్రార్థనలో ముందు వరసలో కూర్చునే పెద్ద కూడా ఆదిమూలమే. పనికీ పరలోకానికీ అతని చేతి మీదుగానే దారి.

ఎలీసమ్మకు పెళ్లయిన తొమ్మిదేళ్ల దాకా పిల్లల్లేరు. పుట్టిన ఒక్కడికి అప్పటి అయ్యగారు యోహాను అని పేరు పెట్టాడు. “లేఖనంలో ఎలీసబెతమ్మకు కూడా లేకలేక పుట్టిన బిడ్డ పేరు అదేనమ్మా,” అన్నాడు. వాడికి నాలుగేళ్లప్పుడు మొగుడు జ్వరంతో పోయాడు. అప్పుడు కూడా ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు. అడగడం తప్పనుకుంది.

యోహాను పోయిన ఏడాదే, క్రిస్మస్‌కు ముందు, ఫ్యాక్టరీ వాళ్లు గుడికి కొత్త రేకులు వేయించారు. అంతకుముందు తాటాకు కప్పు కారేది. రేకుల మీద వాన పడితే పాట కూడా వినపడనంత మోత. సంఘమంతా సంతోషించింది. ఎలీసమ్మకు మాత్రం తొలి చినుకులు పడుతున్నప్పుడు, మోత ఇంకా చిక్కబడక ముందు, వేరే చప్పుడు వినిపించేది. ఎవరో వేళ్ల కణుపులతో తొట్టి మూత మీద తడుతున్నట్టు. టక్. టక్‌టక్. కాసేపు ఆగి మళ్లీ టక్. ఆమె లేచి బయటికి పోయి వానలో నిలబడేది. కొంగు తల మీద కప్పుకుని, తడిసి ముద్దయ్యేది కానీ లోపలికి వచ్చేది కాదు.

“ఎలీసక్కకు పిచ్చి పట్టుకుంది,” అనుకున్నారు ఆడవాళ్లు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు తలా ఒక మాట తెచ్చారు. దేవుడు ప్రేమించినోళ్లనే ముందు పిలుచుకుంటాడన్నారు. పరీక్ష అన్నారు. నీలో ఏదో లోపం ఉండాది, ఉపవాసం చెయ్ అన్నారు. ఆమె చేసింది. నలభై శుక్రవారాలు చేసింది. చప్పుడు పోలేదు.

ఒకరోజు ఇప్పటి పాస్టరు ప్రభుదాస్‌ను అడిగింది. పుత్తూరు నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చిపోయే నడివయసు మనిషి.

“అయ్యగారూ, లేఖనంలో ఆ యోహాను తలకాయ రాజు కోయించినాడు కదా. వాళ్లమ్మ ఏమనింది?”

“అప్పటికి ఆ తల్లి ఉన్నదో లేదో తెలీదమ్మా. రాసిలేదు.”

“పుట్టినప్పుడు సంతోషపడినదంతా రాసినారే. పాటలు కూడా రాసినారే. సచ్చినప్పుడు యాల రాయలా?”

ప్రభుదాస్ దగ్గర అలాంటి ప్రశ్నలకు ప్రసంగాలు చాలానే ఉన్నాయి. ఆమె కళ్లలోకి చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. “నాకు తెలీదు,” అన్నాడు. మూడేళ్లలో ఆమెకు కాస్త ఊరట కలిగించిన మాట అదొక్కటే.

ఆ గుడిలో ప్రతి ఆదివారం సాక్ష్యాల వేళ ఒకటి ఉంటుంది. ఎవరికి మేలు జరిగితే వాళ్లు లేచి చెప్పాలి. జ్వరం వచ్చింది, ప్రార్థించాం, తగ్గింది, స్తోత్రం. బర్రె తప్పిపోయింది, దొరికింది, స్తోత్రం. అందరూ హల్లెలూయ అంటారు. కష్టం చెప్పుకోవచ్చు, కానీ అది తీరిపోయి ఉండాలి. తీరని కష్టానికి ఆ వేళలో చోటు లేదు. అందుకే ఎలీసమ్మ మూడేళ్లుగా లేవలేదు.

ఈ ఏడు మామిడి కాలం మొదలైంది. కాయలు దిగాయి, తొట్టి నిండింది. గుజ్జు కడిగిన నీళ్లూ, పాయిఖానా నీళ్లూ కలిసి చేరే తొట్టి అది. శనివారం సాయంత్రం సుజన పరుగున వచ్చింది. ఆమె మొగుడు చిన్నబ్బ యోహాను స్నేహితుడు. యోహాను దిగిన రోజు పైన తాడు పట్టుకుని నిలబడినవాడు.

“పెద్దమ్మా, సోమవారం ఈయన్ని దిగమన్నారంట. ఆదిమూలం మామ చెప్పినాడంట. మిషన్ తెప్పిస్తే రెండు రోజులు ఆలస్యమవతాదంట. నువ్వన్నా ఒక మాట చెప్పు.”

వెనకనే చిన్నబ్బ వచ్చాడు. “ఏయ్, ఊరంతా దండోరా వేస్తా ఉండావా? గంట పనే కదమే. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటాలే.”

“ఆరోజు వాడూ కట్టుకున్నాడు కదరా,” అంది ఎలీసమ్మ.

చిన్నబ్బ నేల చూశాడు. “మామ మాట తీసేస్తే రేపట్నించి గేటు లోపలికి రానిస్తారా పెద్దమ్మా?”

ఆ మాట వినగానే ఎలీసమ్మ గుర్తుపట్టింది. ఆ మాట ఆమెదే. మూడేళ్ల కింద తన నోటితోనే అన్న మాట.

మర్నాడు ప్రార్థన మధ్యలో మబ్బు పట్టింది. సాక్ష్యాలు మొదలయ్యేసరికి రేకుల మీద మొదటి చినుకు పడింది. టక్. అలవాటుగా ఆడవాళ్లు ఆమెకు దారి ఇవ్వడానికి కాళ్లు ముడుచుకున్నారు. ఎలీసమ్మ లేచింది గానీ బయటికి పోలేదు.

“నేనొక సంగతి చెప్పాల,” అంది. “ఆపొద్దు సంగటి తీసుకోని నేను తొట్టి కాడికి పోయినా. మావాడు చొక్కా ఇప్పి నా చేతికిచ్చినాడు. మా, లోపల వాసన వేరేగా ఉండాది, తల తిరగతా ఉండాది, నేను దిగనమ్మా అన్నాడు. ఆదిమూలం మామ మాట తీసేస్తే గేటు లోపలికి రానియ్యరు నాయనా, బిరీన కానిచ్చుకోని రా, సంగటి చల్లారిపోతాది అన్నా. నేనే అన్నా. వాడు దిగినాడు. మళ్లా పలకలా.”

ఎలీసమ్మ ఆదిమూలం వైపు తిరిగింది.

“వాడు తాగలా. ఎవురూ చెప్పకుండా దిగలా. ఆదిమూలమన్న చెప్పినాడు, నేను పంపించినా.”

ఆదిమూలం గొంతు సవరించుకున్నాడు. “ఎలీసమ్మా, ఇది సాక్ష్యాల టయము. స్తోత్రం చెప్పి కూర్చోమ్మా.”

“స్తోత్రం ఇంకా రాలేదన్నా. వచ్చినప్పుడు చెప్తా.”

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వాన పెరిగింది. ఆమె గొంతు పెంచింది.

“దేవుడు నా బిడ్డను యాల తీసుకున్నాడని మూడేండ్లు ఏడ్చినా. ఆయన సూస్తా యాల ఊరుకున్నాడో నాకిప్పటికీ తెలీదు. ఆయన్ని సచ్చిందాకా అడగతానే ఉంటా. కానీ నిన్ను ఈపొద్దే అడగతా ఉండా. రేపు ఇంగో తల్లి బిడ్డను దింపతావా, లేదా?”

“నాదేముందమ్మా, ఫ్యాక్టరీ వాళ్లు…” అని ఆదిమూలం ఆగిపోయాడు. అతని కళ్లు అప్రయత్నంగా పైకి, రేకుల వైపు పోయాయి. సుజన లేచి వచ్చి ఎలీసమ్మ పక్కన నిలబడింది. కాసేపటికి చిన్నబ్బ కూడా లేచాడు. “నేను దిగను మామా,” అన్నాడు.

సోమవారం చిన్నబ్బ దిగలేదు. బుధవారం మిషన్ వచ్చింది. చిన్నబ్బకూ ఎలీసమ్మకూ ఫ్యాక్టరీ గేటు మూసుకుంది. ఆమె ఇప్పుడు రోడ్డు పక్క కాయలు పెట్టుకుని అమ్ముతోంది. వాన వస్తే గుడి రేకుల మీద ఆ చప్పుడు ఇంకా వినపడుతూనే ఉంది. ఇప్పుడు ఆమె లోపలే కూర్చుని వింటోంది.

ఆ వారమే ఆమె ప్రభుదాస్‌తో, “అయ్యగారూ, ఈసారన్నా రాయండి,” అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు ఆయన తెల్లకాగితం మీద రాశాడు. రెండుసార్లు చదివి వినిపించాడు. ‘నేను పంపించినా’ అన్న మాట తీసేద్దామా అని అడిగితే వద్దంది. వేలిముద్ర ఈసారీ ఒకపట్టాన పడలేదు. ఎవరూ ఆమె వేలు పట్టుకోలేదు. నాలుగోసారి తానే నొక్కింది. ఆ అర్జీ పోలీసు స్టేషన్‌లో ఇచ్చి వచ్చారు. చూస్తాం అన్నారు. ఇంకా చూడలేదు.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనో, లాడ్జీలోనో, బడిలోనో ఒక తొట్టి నిండే రోజు వస్తుంది. ఆ రోజు గంటలో పని అయిపోతుందని ఎవరైనా మనిషిని తీసుకొస్తే, మూత దగ్గరే ఆపండి. మిషన్ వచ్చేదాకా ఆ వాసన భరించండి. మీ ఊళ్లో ఇలా పోయినవాడి తల్లి ముందు ఎవరైనా కాగితం పెడితే, ఆమె వేలు చాపకముందే మీరు దాన్ని పైకి చదవండి. అందులో ఉన్నది అబద్ధమైతే, ఆ మాట అక్కడే అనండి. శవాల గది బయట ఆరోజు ఒక్కరు ఆ మాట అని ఉంటే, నిజం చెప్పడానికి ఎలీసమ్మకు మూడేళ్లు పట్టేది కాదు.