చెక్కకూ గొట్టానికీ మధ్య

దసరా అంటే లైన్లలో అందరికీ పండుగ, ఆర్మరర్ వెంకట్రాజానికి మాత్రం వెట్టిచాకిరీ. వరంగల్‌లో పోలీసు లైన్ల వెనక రేకుల కప్పు గదిలో తుపాకులు బాగుచేసే పని నెత్తినేసుకున్న నాటి నుంచీ ఆయన ఒక్క దసరాకు కూడా కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి ఎరగడు. ఆయుధపూజ పేరుతో కానిస్టేబుళ్ళు రైఫిళ్ళకు చేసే మర్యాద అలాంటిది. పసిపిల్లలకు నలుగు పెట్టి తలంటినట్టు వాటిని బకెట్ల కొద్దీ నీళ్ళతో కడుగుతారు. చెక్కలకు పసుపు రాస్తారు, దానిమీద నూనె పట్టిస్తారు, వరసగా ఎండకు నిలబెడతారు. నీళ్ళు తాగిన చెక్క ఉబ్బుతుంది, ఎండకు వంకర తిరుగుతుంది. ఆ వంకర చెక్క తన ఒడిలో ఉన్న ఇనుప గొట్టాన్ని ఒక పక్కకు నెడుతుంది. గొట్టం వెంట్రుకవాసి జరిగితే చాలు, గుండు టార్గెట్‌ను వదిలేసి తన దారిన తాను పోతుంది.

పండుగకు తిన్న మాంసం అరగకముందే ఫైరింగు పరీక్షలు మొదలయ్యేవి. గురి తప్పిన ప్రతివాడూ రైఫిల్ తెచ్చి వెంకట్రాజం బల్ల మీద పడేసి, అంతా ఆయన నిర్వాకమే అన్నట్టు చూసేవాడు. నీళ్ళు వద్దు, పొడిబట్టతో తుడిచి బొట్టు పెడితే చాలని ఆయన ఒకసారి పెద్దసార్లకు చెప్పి చూశాడు. అంతే, అమ్మవారిని అడ్డుకున్నాడని లైన్లంతా గుప్పుమంది. ఆ ఏడు జీపు టైరు పేలినా, వంటవాడికి జ్వరమొచ్చినా ఆ పాపం ఆయన ఖాతాలోనే పడింది. ఆ తర్వాత ఆయన నోరు కుట్టేసుకున్నాడు. తడిపేవాళ్ళు తడుపుతూనే ఉన్నారు, ఆయన ఆరబెడుతూనే ఉన్నాడు.

ఆయనది కొత్తవాడలో మగ్గం నేసిన ఇల్లు. మిల్లుబట్ట వచ్చి మగ్గాలు మూలబడ్డాక పోలీసుల్లో చేరాడు. చట్రం ఎక్కడ వంకరపోయిందో, పోగు ఎక్కడ బిగుసుకుందో చూడగానే పసిగట్టే చూపు మగ్గం మీద అబ్బింది. ఆ చూపు చూసే పెద్దసార్లు ఆయన్ని ఆర్మరీలో కూర్చోబెట్టారు. ఆయన పద్ధతి ఆయనది. రైఫిల్ ఊడదీసి, గొట్టాన్ని కిరసనాయిలు దీపం మీద తిప్పి మసి పట్టించేవాడు. దాన్ని మళ్ళీ చెక్కలో కూర్చోబెట్టి తీస్తే, ఎక్కడ రాసుకుంటోందో అక్కడ చెక్కకు నల్లగా అంటేది. ఆ నలుపు మాత్రమే గాజుపెంకుతో గీకాలి. మళ్ళీ మసి, మళ్ళీ గీకుడు. ఎక్కువ గీకితే చెక్క పోయినట్టే, తీసినదాన్ని తిరిగి అతికించే విద్య ఎవరికీ లేదు. చివరకు మరలు బిగించి, గొట్టానికీ చెక్కకూ మధ్య పేపరు ముక్క దూర్చి లాగేవాడు. అది ఎక్కడా చిక్కుకోకుండా కొసదాకా జారితేనే రైఫిల్ బయటికి వెళ్ళేది.

ఇంత ఓపికైన పనికి వణకని చెయ్యి కావాలి. వెంకట్రాజం కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట చాయ్ గ్లాసు దగ్గర, తర్వాత స్క్రూడ్రైవర్ దగ్గర. ఈ సంగతి బయటపడితే కుర్చీ పోతుంది, గేటు దగ్గర తుపాకి పట్టుకుని నిలబెడతారు. యాభై దాటిన ఆ మోకాళ్ళతో నిలబడటమంటే ఆయనకు తలుచుకుంటేనే నీరసం వచ్చేది. దాచుకోవడానికి లైన్లలో ఆయనకు దొరికిన ఒకే ఒక్క చోటు తన ఇల్లు, దొరికిన ఒకే ఒక్క మనిషి భార్య అనసూర్య.

ఆమెదీ మగ్గం చెయ్యే. పడుగులో పోగు తెగితే పక్కింటావిడతో మాటలు ఆపకుండానే ముడివేసే మనిషి. మగ్గం అమ్మేసిన రోజు ఆమె ఏడవలేదు గానీ, కాళ్ళు పెట్టుకునే ఆ మగ్గం గుంత ఖాళీ అయినా దాన్ని చాన్నాళ్ళు పూడ్చనివ్వలేదు. పోలీసు క్వార్టరుకు వచ్చాక వంటా గిన్నెలూ తప్ప ఆమె చేతులకు పని లేదు. ఒక సాయంత్రం వెంకట్రాజం మసి అంటిన చెక్కను తువాలులో చుట్టి ఇంటికి తెచ్చాడు. తుపాకి కాదు, ఒట్టి చెక్కే. అయినా అది తప్పే, ఆ తప్పు ఆయనకు తెలుసు. అనసూర్య గాజుపెంకు తీసుకుని నల్లటి చోట మెల్లగా గీకింది. మరునాడు గొట్టం ఆ చెక్కలో పాన్పు మీద పడుకున్నట్టు కూర్చుంది. అప్పటి నుంచీ అదే పని. మసి పెట్టేది ఆయన, గీకేది ఆమె. దసరా వచ్చిందంటే ఆయన ముఖం వేలాడేది, ఆమె ముఖం మాత్రం విప్పారేది. చెక్కలు తెచ్చే వేళకు వంట ముగించి, గుమ్మంలో వెలుతురు పడేచోట చాప పరిచి సిద్ధంగా ఉండేది.

ఎనభై నాలుగో సంవత్సరం దసరా తర్వాత మొగిలయ్య రైఫిల్ వచ్చింది. మొగిలయ్య రఘునాథపల్లి వైపు రైతు బిడ్డ, మెత్తటివాడు, పెళ్ళయి ఏడాది కాలేదు. ఫైరింగులో అతని గుండ్లన్నీ ఎడమకే పోయాయి. ఇలాగే తప్పుతూ పోతే లైన్ల నుంచి తీసి కొత్తగా చేరిన పిల్లలతో పాటు ట్రైనింగుకు పంపుతామన్నారు. అతను వెంకట్రాజం ముందు చేతులు కట్టుకుని నిలబడి, తాను సరిగ్గా నడుమనే పట్టుకుంటున్నానని ఒట్టేసి చెప్పాడు. చెక్క నిజంగానే ఉబ్బి ఉంది. మసి పెట్టారు, అనసూర్య గీకింది, కాగితం కొసదాకా జారింది. రైఫిల్ వెళ్ళింది. గుండ్లు మళ్ళీ ఎడమకే పోయాయి.

మొగిలయ్య మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ ఊడదీశారు. వెంకట్రాజానికి చెక్కలో తప్పేమీ కనబడలేదు. కనబడనందుకే భయం వేసింది. చెయ్యి పోయింది, ఇప్పుడు కళ్ళు కూడా పోతున్నాయేమో అనుకున్నాడు. ఇంకొంచెం గీకించాడు. ఈసారీ కాగితం జారింది. ఈసారీ గుండు ఎడమకే. లైన్లలో నవ్వులు మొదలయ్యాయి. ముసలాయన బాగుచేసిన రైఫిల్‌తో టార్గెట్‌ను కాక పక్క టార్గెట్‌ను చూసి కొట్టాలని ఒకడు ఆయనకు వినబడేలాగే అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి ఆ కోపమంతా దొరికిన చోట దించాడు.

"ఇది మగ్గం కాదే, నీ ఇష్టమున్నట్టు చేసేతందుకు. చెక్కంత ఆగం చేసినవ్. నీ చెయ్యి పెట్టినంక ఇంక ఏం మిగుల్తది?"

అనసూర్య గాజుపెంకును కొంగుతో తుడిచి ఆయన పక్కన పెట్టింది. చాప చుట్టేసింది. అన్నం వడ్డించింది గానీ ఆయన ముఖం చూడలేదు. ఆయనకూ తెలుసు తాను అన్నది అన్యాయమని. కాని అలసిపోయిన మనిషికి తప్పు ఒప్పుకోవడం కన్నా తిట్టడం సులువు, ఆయన ఆ సులువు దారినే పోయాడు.

తెల్లవారి ఆయన తిన్నగా లైన్లకు పెద్ద అధికారి అయిన ఆర్.ఐ. కిషన్ రావు దగ్గరికి వెళ్ళాడు. ఇంక దాచే ఓపిక లేదు. పైగా మొగిలయ్యకు మళ్ళీ ఫైరింగు ఆ పూటే, తన వల్ల ఒక పిల్లవాడి బతుకు పాడవుతోందన్న బాధ ఒకవైపు. అన్న మాట వెనక్కి తీసుకోలేక, ఆ తప్పు ఇంటిదాకా పోకుండా తన మీదే వేసుకుందామన్న ఆలోచన ఇంకోవైపు.

"సార్, నా చెయ్యి వణుకుతాంది. రైఫిళ్ళు నాతోని అయితలేవు. ఇంకెవలనన్న పెట్టుండ్రి."

కిషన్ రావు చెడ్డవాడేం కాదు. చేతిలో చాయ్ పట్టుకునే విని, ముందే చెప్పాల్సింది కదా అని మెత్తగా మందలించాడు. కొత్త ఆర్మరర్‌ను హైదరాబాదు నుంచి పిలిపిస్తానన్నాడు. మరుసటి రోజు నుంచి గేటు డ్యూటీ వేస్తున్నట్టు అప్పటికప్పుడే డ్యూటీలు రాసే రైటర్‌తో చెప్పేశాడు. ఇన్నేళ్ళ కొలువు ఆ చాయ్ చల్లారేలోగా ముగిసిపోయింది.

ఆ పూట ఫైరింగుకు కిషన్ రావు స్వయంగా వెళ్ళాడు. మొగిలయ్య మొదటి గుండ్లు ఎడమకు పోగానే విసుక్కుని, రైఫిల్ అతని చేతిలోంచి లాక్కుని, ఇంకో కానిస్టేబుల్‌కిచ్చి ఆర్మరీకి పంపాడు. ఇంతకుముందు రెండుసార్లూ మొగిలయ్య తానే తెచ్చి ఇచ్చాడు. ఈసారి అతనికి ఆ అవకాశం చిక్కలేదు.

వెంకట్రాజం దాన్ని బల్ల మీద పెట్టుకుని, ఇదే చివరిది అనుకుంటూ మరలు విప్పాడు. పై చెక్క ఎత్తగానే, గొట్టానికి ఆనుకుని పక్కగా కూరిన ఎర్రటి గుడ్డ మడత ఒకటి జారి పడింది. విప్పితే పసుపు. ఆయన దాన్ని చూస్తూ ఉండగానే మొగిలయ్య రొప్పుతూ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మా అవ్వ ఇచ్చింది కాకా. మేడారం అమ్మల గద్దె మీది పసుపు. తుపాకి పట్టే కొడుకువు, అమ్మలు ఎంబడి ఉండాలె అన్నది. ఆయుధపూజ నాడు పెట్టిన. నీకిచ్చే ముంగట తీసి పెట్టెల దాసిపెడుదును, నువ్వు పారేస్తవని. గురి తప్పినకొద్ది ఇంకింత పసుపు పోసి గట్టిగ దొక్కిన."

ఆయనకు కోపం రావాలి. రాలేదు. కోపానికి కూడా కొంచెం ఓపిక కావాలి కదా. మొగిలయ్య తల్లి కట్టమ్మ మేడారం జాతర తొక్కిడిలో నలిగి తెచ్చిన పసుపట అది. ఆయన గుడ్డను మళ్ళీ మడిచి మొగిలయ్య చేతిలో పెట్టి, అమ్మల్ని జేబులో ఉంచుకుంటే చాలునన్నాడు. మర ఎక్కించబోతే చెయ్యి వణికి గాడి దొరకలేదు. మొగిలయ్యనే చెక్క పట్టుకోమని, రెండు చేతులతో బిగించాడు. కాగితం కొసదాకా జారింది. మధ్యాహ్నానికల్లా మొగిలయ్య గుండ్లు టార్గెట్ నడుమ పడ్డాయని కబురు వచ్చింది.

కిషన్ రావు దగ్గరికి వెళ్ళి అసలు సంగతి చెప్పొచ్చు. చెప్తే మొగిలయ్య ట్రైనింగుకు కాదు, ఏకంగా ఇంటికే పోతాడు. చెప్పినా ఈ వణుకు ఎక్కడికీ పోదు. వెంకట్రాజం ఆర్మరీ తాళంచెవి అప్పగించి ఇంటి దారి పట్టాడు.

అనసూర్య గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఆయన పక్కన కూలబడి, పసుపు సంగతి మొదటి నుంచి చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అయితే నేను గీకింది మంచిగనే ఉన్నదా?"

"మొదటిసారే మంచిగున్నది. నీ చేతిల తప్పు లేదు. నేనే ఊకె అన్న."

ఆమె ముఖం వెలిగింది. నిన్నటి నుంచీ మింగిన దుఃఖమంతా ఆ ఒక్క మాటతో దిగిపోయినట్టు ఊపిరి పీల్చుకుంది. చాట పక్కన పెట్టి లేచింది. లోపలి నుంచి చాప తెచ్చి వెలుతురులో పరిచింది, తక్కిన చెక్కలేవీ తువాలులో తేలేదేమని అడిగింది. ఇంకా చాలా రైఫిళ్ళు ఉబ్బే ఉన్నాయని ఆమెకు తెలుసు.

అప్పుడు చెప్పక తప్పలేదు. పొద్దున తాను ఆర్.ఐ.తో ఏమన్నాడో, రేపటి నుంచి తానెక్కడ నిలబడాలో తల దించుకుని చెప్పాడు. గేటు డ్యూటీకి ఆయన మోకాళ్ళు ఆగుతాయా అని ఆమె అడుగుతుందనుకున్నాడు. ఆమె చాప మీద కూర్చుని, తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది.

"నన్నొక్క మాట అడగకపోతివి," అంది. "పొయ్యింది నీ ఒక్కని కొలువేనా?"