నిండు ట్యాంకుతో ఆగిపోయే కారు

2022లో, చలికాలం మొదట్లో, నందిగామలో హైవే పక్కనున్న మా షెడ్డుకు క్రీము రంగు కారొకటి తాడు కట్టించుకుని వచ్చింది. అప్పటికి నేను మెకానిక్ పని మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు. బండి నా సర్వీసుకంటే పదేళ్లు పెద్దది. కంపెనీ పేరు చెప్పను. చెబితే దాన్ని పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ కలిసి నా షెడ్డు మీదికొస్తారు.

కార్లంటే నాకు పిచ్చి. దాంతోపాటు కాస్త కోపం కూడా ఉంది. సైలెన్సర్ కోయించుకుని ఊరి చెవులు చిల్లులు పొడిచే బళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఇప్పటి బళ్లకు లాప్‌టాప్ తగిలిస్తే రోగం పేరు తెర మీద పడుతుంది. పాత పెట్రోల్ బండికి అలా కుదరదు, మనమే చెవి పెట్టి వినాలి. అందుకే అలాంటిది వస్తే చేతిలో పని పక్కన పెట్టేస్తాను.

బండి జగ్గయ్యపేటలో లెక్కల టీచరు రాజ్యలక్ష్మి గారిది. మామగారు కొన్న కారు. ఆయన దగ్గరే దాని మీద డ్రైవింగ్ నేర్చుకున్నారట.

"రోజూ బడికెళ్లొస్తే ఏ గొడవా లేదండి. ట్యాంకు నింపుకుని దూరం బయల్దేరానా, దారిలో ఆగిపోద్ది. ఎవరో ఒకరొచ్చి పెట్రోలుందా అని చూస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుద్ది. ఈసారి చూసేవాళ్లు కూడా దొరకలా" అన్నారు.

"తీరిగ్గా చూద్దాంలెండి" అన్నాను.

"తీరిక లేదండి. వచ్చే ఆదివారం ర్యాలీకి పేరిచ్చా. ఇంకొక్కసారి తాడు కట్టి లాక్కొస్తే మర్నాడే తుక్కు కొట్టుకి పంపిస్తానన్నారు మావారు. రోషానికి పోయి సరేనన్నా."

ఆ ర్యాలీ పేరు టీఎస్‌డీ. అంటే సమయం, వేగం, దూరం. ఎవరు ముందొస్తారన్న పందెం కాదది. దారిలో ఏ ముక్క ఎంత సగటు వేగంతో నడపాలో కాగితం మీద ఇస్తారు. ముందు చేరినా మార్కులు పోతాయి, ఆలస్యమైనా పోతాయి. నన్నడిగితే మోటార్ స్పోర్ట్‌లో అంతకన్నా పెద్దమనిషి ఆట లేదు. నందిగామలో బయలుదేరి లోపలి రోడ్ల మీద మైలవరం చేరాలి.

నాకున్నది ఎనిమిది రోజులు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకిచ్చే కార్బ్యురేటర్ విప్పి కడిగాను. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే ఫ్యూయల్ పంపు మార్చాను. ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్ మార్చాను. షెడ్డులో గంటసేపు ఆన్‌లో ఉంచితే పిల్లిలా గుర్రుమంటూ కూర్చుంది. గేజీ పనిచెయ్యదు కాబట్టి, ప్రతి ట్రయలుకు ముందూ మధ్యలోనూ మూత తీసి, పుల్ల ముంచి పెట్రోలు చూడటం నా అలవాటు. రోడ్డు మీద కూడా ఎక్కడా ఆగలేదు. గెలిచేశాననుకున్నాను.

గురువారం టీచరు గారు అత్తగారు సీతారావమ్మ గారిని వెంటబెట్టుకుని వచ్చారు. దారిలో ట్యాంకు నింపించి, చెవిటికల్లు దాకా ట్రయలుకు వెళ్లాం. నేను పక్క సీట్లో, పెద్దావిడ వెనక. నిండు ట్యాంకని తెలుసు కాబట్టి ఆ రోజు పుల్ల ముంచలేదు. కృష్ణ ఒడ్డు ఇంకాస్త దూరం ఉందనగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మార్చడానికి ఇంక ఏ పార్టూ మిగల్లేదు.

ఏం చెయ్యాలో తోచక, అలవాటుకొద్దీ వెళ్లి పెట్రోల్ మూత తిప్పాను. సుయ్‌య్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. తాళం తిప్పితే స్టార్టయింది!

అప్పుడు చూశాను ఆ మూతను. ఐదారు రోజులుగా నా చేతుల్లోనే తిరిగిన మూత. దాని నడుమ వెంట్ హోల్ అని సూది మొనంత చిల్లు ఉండాలి. పెట్రోలు తగ్గుతుంటే ఆ దారినే గాలి లోపలికెళ్లాలి, లేకపోతే ట్యాంకు పెట్రోలును వదలదు. నిండు ట్యాంకులో గాలికున్న చోటే తక్కువ, అందుకే తొందరగా బిగుసుకుంటుంది. ఆ చిల్లు మీద పసుపు, దాని మీద కుంకుమ, మళ్లీ పసుపు, గోడకు సున్నం కొట్టినట్టు పొరలు. నేను పుల్ల ముంచిన ప్రతిసారీ గాలి ఎక్కించి, రోగాన్ని నేనే దాచిపెట్టాను.

"ఈ బొట్టు ఎవరు పెడతారండి?" అన్నాను.

"నేనే అబ్బాయ్" అన్నారు పెద్దావిడ మురిసిపోతూ. "ప్రతి శుక్రవారం, తలంటుకోగానే. బండికి నోరు అదే కదా. ఆయన పోయినా నేనొక్క వారం మానలా."

టీచరు గారు నా మొహం చూశారు. విషయం చెప్పక తప్పలేదు. పెద్దావిడ మొహం చిన్నబోయింది. "అంటే ఇన్నాళ్లూ దాని గొంతు పట్టుకున్నది నేనా?" అన్నారు.

"మీరు బొట్టు మానక్కర్లేదమ్మా. బొట్టు నుదుట పెడతాం గానీ నోటికి పెడతామా? బానెట్ మీద పెట్టండి" అన్నాను. ఆవిడ పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. టీచరు గారు స్టీరింగు మీద తల పెట్టి నవ్వారు. ఆ చిల్లును గుండుసూదితో పొడిచాను. అంతే రిపేరు.

ఆదివారం మైలవరంలో ముగింపు గీత దగ్గర నిలబడ్డాను. సైలెన్సర్ కోసిన బళ్లు రెండు ముందే ఊడిపడి మార్కులు పోగొట్టుకున్నాయి. కడుపు నిండింది. టీచరు గారి సమయం దగ్గర పడుతోంది, రోడ్డు మీద క్రీము రంగు జాడ లేదు. వాచీ చూడలేక చూస్తున్నాను. ఇంకొక్క నిమిషం ఉందనగా మలుపు తిరిగి వచ్చింది బండి, బానెట్ మీద ఇంత బొట్టుతో. తాడు లేదు! నేను చిన్నపిల్లాడిలా ఎగిరాను. లెక్కల టీచరు తేడా మూడు సెకన్లు. పక్కన కాగితం పట్టుకుని లెక్కలు చదివింది తుక్కు కొట్టు మాటన్న ఆ భర్తే. దిగగానే, "వచ్చే ఏడు కూడా నేనే కూర్చుంటానండి పక్కన" అన్నారాయన. వెనక సీట్లోంచి పెద్దావిడ దిగి, చేతిలో మిగిలిన కుంకుమ నా నుదుట పెట్టారు.

ఆ రోజు నుంచి మా షెడ్డుకు ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తేముందు ఒక ప్రశ్న వేస్తాను. "మీ ఇంట్లో ఈ బండంటే అందరికన్నా ఎక్కువ ప్రాణం ఎవరికండి?" వచ్చినవాళ్లు నవ్వుతారు. పేరు చెప్పాక, ఆ మనిషి చెయ్యి బండి మీద రోజూ ఎక్కడ పడుతుందో అడుగుతాను. ముందు అక్కడే చూస్తాను. ఆ తర్వాత నా చెయ్యి ఎక్కడ పడుతోందో చూసుకుంటాను.