ముహూర్తానికి ఆగని సిస్టరమ్మ

జూబ్లీహిల్స్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో నేను రిసెప్షన్‌లో పనిచేసే రోజుల్లో, అక్కడ పురుళ్లు పోసే సిస్టరమ్మ ఒకావిడ ఉండేది. చుట్టాలు ఎంతటివాళ్లొచ్చినా కాన్పు గది తలుపుకు వీపు ఆనించి మాట్లాడేది. పక్కకు జరిగేది కాదు. డాక్టర్ల కంటే ముందు మంత్రసానులే ఉన్నారని నేను లైబ్రరీలో చదివొచ్చి గొప్పగా చెబితే, "గా ముచ్చట ఎర్క చేసుకోనీకి పుస్తకం కావాల్నా?" అని నవ్వింది.

ఒకరోజు ఫిల్మ్ నగర్ నిర్మాత ఒకాయన కోడలికి నొప్పులు ముదిరాయి.

"ఒక్క గంట ఆపండి సిస్టర్. సినిమాకి క్లాప్ కూడా మేం ముహూర్తం చూసే కొడతాం," అన్నాడాయన.

"గీడ క్లాప్ కొట్టేది లోపలున్న బిడ్డ సార్. ఆపితే తల్లికీ బిడ్డకీ పానం మీదికొస్తది."

"ఆపకపోతే నీ ఉద్యోగం ఉండదమ్మా," అన్నాడు పక్కనే ఉన్న మా యజమాని.

"పోతే పోనియ్యుండ్రి," అని లోపలికెళ్లి గడియ పెట్టుకుంది.

ముహూర్తానికి ముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. సిస్టరమ్మ ఉద్యోగం మాత్రం ఆ సాయంత్రమే పోయింది.

నెల తిరక్కుండానే రహమత్ నగర్‌లో తన కిరాయి ఇంటి గోడ మీద ఎర్రరంగుతో పెద్దక్షరాల్లో రాయించింది: "ఇచ్చట పురుళ్లు పోయబడును. ముహూర్తాలు చూడబడవు."