రాహుకాలంలో ఎలైజా

మా గైడు సారుకు చేతి గడియారం కన్నా గోడ మీది పంచాంగం మీద గురి ఎక్కువ. ఈ సంగతి ముందే తెలిసుంటే ఏ యూరియానో క్రియాటినినో పట్టుకుని నా బయోకెమిస్ట్రీ పీజీ కానిచ్చేసుకునేవాణ్ణి. 2000ల మొదట్లో, కర్నూలులో, పేరు పెద్దగా ఉందని ఒక టాపిక్కుకు ఎగబడ్డాను. నా ఖర్మ.

రక్తనాళాల లోపలి కణాలు తెల్లకణాలను పట్టుకోవడానికి ఒంటి మీద బంక లాంటి ప్రోటీన్లు పెట్టుకుంటాయి. నాళం వాచినప్పుడు ఆ బంక ముక్కలు ఊడి రక్తంలో కలుస్తాయి. షుగరు రోగుల్లో అవి ఎంత పెరుగుతాయో ఎలైజా కిట్టుతో కొలవాలి. కిట్టు ఒక్కటే. తొంభై ఆరు గుంతల ప్లాస్టిక్ పళ్లెం, నాలుగైదు సీసాలు. మళ్లీ తెప్పించాలంటే రెండు నెలలు, థీసిస్ ఇవ్వాల్సింది మూడు వారాల్లో. కోసిగి నుంచి, ఆత్మకూరు నుంచి పరగడుపున బస్సెక్కి వచ్చిన నలభై మంది, కొందరు షుగరోళ్లు, కొందరు ఏ జబ్బూ లేనోళ్లు, వాళ్ల సీరమంతా ఆ గుంతల్లోకే పోవాలి. చెడితే నా ఏడాది గోవిందా.

మంగళవారం పొద్దున తొమ్మిదికి మొదలుపెడదామంటే సారు చెయ్యి అడ్డం పెట్టారు. "యమగండం పోనీప్పా. డిపార్టుమెంటులో మొదటి కిట్టు ఇది." పదిన్నర దాకా కూచున్నాం. ఆలోగా గుంతల్లో రంగు ఎంతుందో కొలిచే రీడరు మిషనుకు కుంకుమ బొట్టు పెట్టి, దాని కింద నిమ్మకాయ పెట్టి, నాకు శాస్త్రీయ దృక్పథం మీద ఉపన్యాసం కూడా ఇచ్చారు. అది ఆయనకు కంఠతా వచ్చు, ఏటా సైన్సు దినోత్సవానికి ఇస్తారు.

పైపెట్టు గొట్టంతో కొలిచి సీరం పోశాను, ఉంచాను, కడిగాను, మళ్లీ పోశాను, మళ్లీ కడిగాను. చివరి రంగు మందు పోసేసరికి మూడుకు పది నిమిషాలు తక్కువ. గుంతల్లో నీలం పుడుతుంది, బంక ముక్కలు ఎంత ఎక్కువుంటే అంత ముదురుగా. సరిగ్గా పదిహేను నిమిషాలకు ఆసిడ్ పోసి దాన్ని ఆపెయ్యాలి. ఆపకపోతే ఎక్కువున్నవాడూ తక్కువున్నవాడూ ఒకే రంగుకొస్తారు. కిట్టు కాగితంలో ఆ మాట కింద ఎర్రగీత గీసింది మా సారే.

మూడు దాటింది. ఆసిడ్ సీసా కోసం చెయ్యి చాపితే అక్కడ లేదు. సారు తెల్లకోటు జేబులో ఉంది.

"రాహుకాలం పడింది. ముగింపు పని ఇప్పుడొద్దు."

"సార్, పదిహేను నిమిషాలే సార్! ముదిరిపోతాంది సార్!"

"ఏమప్పా, యాడికి పోతాది? పళ్లెం ఈడనే ఉంటాది గదా. నాలుగున్నర కానీ."

లాక్కోవచ్చు. ఆయన రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి, నేను బలంగానే ఉన్నాను. కానీ థీసిస్ మీద సంతకం ఆయనది. గంటన్నర సేపు ఆ నీలం ముందు నిలబడి పళ్లు నూరుకున్నాను. నాలుగున్నరకు ఆయనే స్వయంగా, తూర్పు తిరిగి, ఆసిడ్ పోశారు. రీడరు ప్రతి గుంతకూ కొలత దాటిపోయిందనే చూపింది. జబ్బు లేనోళ్లకూ, షుగరు ముదిరినోళ్లకూ అందరికీ ఒకటే.

నేను ఏడ్చాను. సిగ్గేముంది, నిజంగానే ఏడ్చాను. సారు నా భుజం తట్టి, "నంబర్లు ఎట్ల రావాలో నీకు తెలుసు గదప్పా. షుగరోళ్లకు ఎక్కువ, మిగతావాళ్లకు తక్కువ. రాసెయ్," అన్నారు. ఛీ, ఇదేం మనిషి అనుకున్నాను. అనుకుని, ఆ వారమే కూర్చుని రాసేశాను. రెండో రోజుకు చెయ్యి బాగా తిరిగింది కూడా. థీసిస్ పరీక్షించడానికి బయటి నుంచి వచ్చినాయన గ్రాఫులు మెచ్చుకుని పోయాడు.

కొన్నేళ్లకు కడపలో నాకు ఉద్యోగం వచ్చాక, ఒక పీజీ అమ్మాయి నా థీసిస్ జిరాక్సు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. అదే పరీక్ష, అదే షుగరు రోగులు.

"మూడుసార్లు చేసినా సార్. మీకొచ్చినంత తేడా నాకు రావడం లేదు. తప్పు నాదే అంటాండారు మా గైడు. యాడ తప్పు చేస్తాండానో చూసి చెప్పండి సార్."

ఆమె నోటుబుక్కు మొదటి నుంచి చివరిదాకా చూశాను. కొట్టివేతలు, మరకలు, కరెంటు పోయిన నిమిషాలతో సహా అన్నీ రాసి పెట్టుకుంది. ఒక్క తప్పూ లేదు.

"పైపెట్టు పట్టుకోవడం సరిగ్గా నేర్చుకోవాలమ్మా," అన్నాను.