సగం గొర్లకే మందు

మొన్న మా మనవరాలు చదివే కాలేజీలో పోస్టర్ల పోటీ పెడితే నన్నూ వెంట తీసుకుపోయింది. జీవశాస్త్రంలో తొలిదశ ఆవిష్కరణలట. హాలు చల్లగా ఉంది, గోడల నిండా మెరిసే కాగితాలు, ప్రతి కాగితం ముందూ ఒక కోటు. ఒక కోటును పట్టుకుని "బాబూ, ఇది పనిచేస్తుందా?" అని అడిగాను. "మార్కెట్ చాలా పెద్దది మేడమ్" అన్నాడు. నేనడిగింది అది కాదు నాయనా అనబోతుంటే మనవరాలు చెయ్యి గిల్లింది. ఇంకొకడు ఎలుకకు కూడా ఇంకా వేసి చూడని మందుతో మనుషుల రోగాలన్నీ కుదిర్చేశాడు. న్యాయనిర్ణేతలు బిస్కెట్లు నములుతూ, రంగులు చూసి తలలూపుతూ పోయారు. ఈ జాతి కొంచెం కూడా మారలేదు. వీళ్ల తాతలను నేను పాలమూరులో చూశాను.

అరవైల మొదట్లో సంగతి. ఆత్మకూరు దగ్గర మా ఊరు, మాది గొర్లు కాసే ఇల్లు. మా పెద్దనాయిన బిడ్డ, నేను ఒకే తరగతి. నాకన్నా కొన్ని నెలలు పెద్దది కాబట్టి అక్క అనేదాన్ని. నాకు అక్షరాలు గుండ్రంగా రాయడం తప్ప వేరే విద్య లేదు. అక్కకు మాత్రం ఏది చెప్పినా "ఎట్ల తెలుసు?" అని అడిగే రోగం ఉండేది. వానలు పడ్డాక గొర్ల కడుపులో నట్టలు, అంటే పురుగులు చేరి, దవడల కింద నీరు దిగి చచ్చేవి. మోదుగ గింజలు నూరి పోస్తే తగ్గుతుందని మావాళ్ల నమ్మకం. పోస్తే కొన్ని బతికేవి, కొన్ని చచ్చేవి. బతికినవి మందుకు బతికాయో, వాటి ఆయుష్షు కొద్దీ బతికాయో ఎవరూ అడగలేదు. అక్క అడిగింది. మందను రెండుగా చేసి, సగం గొర్ల వీపుల మీద జాజు పూసింది. ఎర్ర గుర్తు ఉన్నవాటికి మజ్జిగలో మోదుగ పొడి, లేనివాటికి ఉత్త మజ్జిగ. మేం బడికి పోవాలి గనక వెదురు గొట్టంతో పోసే పని పెద్దనాయినకు అప్పజెప్పింది. అడిగినప్పుడల్లా ఆయన "నువ్వు చెప్పినట్లే పోస్తున్న బిడ్డా" అనేవాడు.

పాలమూరులో జిల్లా బడులన్నిటికీ సైన్సు ఎగ్జిబిషన్ పెడుతున్నారని తెలిసి అక్క మా గొర్ల సంగతి చార్టుగా పెడతానంది. పెద్దనాయిన ఒక షరతు పెట్టాడు. "పెద్దసార్లు మంచిగున్నదంటే పట్నం పంపి గొర్ల డాక్టర్ సదువు సదివిస్త. కాదంటే బడి బందుబెట్టి ఇంట్ల ఉండాలె." అక్క ఎగిరి గంతేసి ఒప్పుకుంది. ఆ పెద్దసార్లు ఎలాంటివాళ్లో తెలిస్తే ఒప్పుకునేది కాదు.

తీరా వానలు వెనకపట్టాక చూస్తే జాజు ఉన్నవీ లేనివీ అన్నీ నిగనిగలాడుతున్నాయి. అక్క తల పట్టుకుంది. మా సైన్సు పంతులు మాత్రం నిబ్బరంగా "ఉత్త మజ్జిగ తాగినయి సచ్చినయని రాయి. పట్నమోళ్లు వచ్చి లెక్కబెడ్తరా?" అన్నాడు. ఆయనకు జీతమిచ్చింది ఈ తెలివికే కాబోలు. అక్క వినలేదు. చార్టు చివర నాచేత గుండ్రటి అక్షరాల్లో ఇలా రాయించింది: రెండు వైపులా తేడా కనబడలేదు. కారణం తెలియదు. మళ్లీ చేసి చూడాలి.

హాల్లో మా పక్కన ఒక వకీలు కొడుకు గుండె బొమ్మ పెట్టాడు. గీసింది వాడు కాదు, సైన్‌బోర్డుల పెయింటరు. నడిమధ్య ఒక ఎర్ర బల్బు వెలిగి ఆరుతూ ఉంటుంది. అందులో కొత్త సంగతి ఏమిటని ఎవరూ అడగలేదు. పట్నం నుంచి వచ్చిన ముగ్గురు న్యాయనిర్ణేతలు పుట్టి బల్బు ఎరగనట్టు దాని ముందు నిలబడి మురిసిపోయారు. వాళ్లలో పెద్దాయన మాటకు ముందు గొంతు సవరించుకునేవాడు. సవరించుకున్నాక చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ ఉండేది కాదు.

మా దగ్గరికి వచ్చి ఆయన మొదట అడిగింది "రంగులు వెయ్యలేదేమమ్మా?" అని. తర్వాత చివరి వాక్యాలు చదివి, "తెలియదని చెప్పుకోవడానికి ఇంత దూరం వచ్చిన్రా?" అన్నాడు. అక్క ఆగలేదు. "ఇంకోపారి చేస్తే తెలుస్తది సార్." అప్పుడు వెనక గొంగడి భుజాన వేసుకుని నిలబడ్డ పెద్దనాయిన, బిడ్డకు సాయం చేద్దామని ముందుకు వచ్చాడు. "దానికి తెల్వది సార్. నేనే రెండు దిక్కుల మందు పోసిన. సగం గొర్లను సావుమని గట్ల ఇడిసిపెట్టనీకి నా పానం ఒప్పలే."

అక్క గిర్రున ఆయనవైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె కళ్లు మెరిశాయి. "సార్, గట్లయితే అన్నీ మందు తాగినయే! అందుకే తేడా..." అని అందుకుంది. వినేవాళ్లేరీ? ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పరీక్ష చెడిందన్న మాట నిజమే. ఎందుకు చెడిందో కనుక్కుని మళ్లీ చేయడమే సైన్సని ఆ ముగ్గురికీ ఎవరూ చెప్పినట్టు లేదు, తాము మాత్రం ఊరందరికీ సైన్సు పాఠాలు చెప్పి బతికేవాళ్లు. పెద్దాయన కళ్లు తుడుచుకుని, "పో పెద్దమనిషీ, పోయి గొర్లు కాసుకో. పిల్లను గూడ తోల్కపో" అన్నాడు. మొదటి బహుమతి బల్బుకు ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క ఇంకా హుషారుగానే ఉంది. "ఈపారి మజ్జిగ నేనే పోస్త బాపూ. నువ్వు మంద దిక్కు రాకు" అంది. పెద్దనాయిన "అంత సదువుకున్న సార్లు కాదన్నంక ఇంకేం పోస్తవ్ బిడ్డా" అన్నాడు. బిడ్డను అంతమందిలో నవ్వులపాలు చేసింది తనేనని ఆయన బాధ. ఆమెను చూసి మళ్లీ ఎవరూ అలా నవ్వకూడదు. గొర్లను కాపాడిన దయే ఆయనచేత అక్క బడి మాన్పించింది. దసరా సెలవులయ్యాక నేనొక్కదాన్నే బడికి పోయాను. ఆ మనిషిని నేను ఒక్కనాడూ తప్పుపట్టలేకపోయాను. ఆ ముగ్గురిని మాత్రం ఇప్పటికీ తిడుతూనే ఉన్నాను.

రోగుల్లో సగం మందికి మందు ఇవ్వకుండా ఉంచవచ్చా అని ఇప్పుడు పెద్ద పెద్ద సభల్లో చర్చిస్తారని మనవరాలు చెప్పింది. చాలా గంభీరమైన విషయమట, ఎవరూ నవ్వరట. ఆ ముగ్గురూ ఎప్పుడో పోయి ఉంటారు, పోయేదాకా పింఛను తిని, దండలు వేయించుకుని ఉంటారు. వాళ్లు నవ్వింది గుక్కెడు నీళ్లు తాగేంత సేపే. మా అక్కకు ఆ కాస్త సేపు గడవడానికి బతుకంతా పట్టింది.