బెజ్జం పడని బండి

మీ మోటారుసైకిలుకు ఎన్ని బెజ్జాలు వేయించారు?

గుర్తులేదు కదా? అద్దానికి ఒకటి, హారనుకు రెండు, పక్కపెట్టెకు నాలుగు, ఎవరు లెక్కపెడతారు? నంద్యాల బాలస్వామి లెక్కపెట్టాడు. ఎనిమిదేళ్ళపాటు ఆయన లెక్క సున్న దగ్గరే ఆగి ఉంది. కంపెనీ నుండి బండి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉండాలన్నది ఆయన ధర్మశాస్త్రంలో మొదటి సూత్రం. రెండో సూత్రం లేదు.

పోనీ, ఆయనకు పని చేతకాదా అంటే, ఆయన వృత్తే ఫిట్టరు. పత్తి జిన్నింగు మిల్లులో పొద్దున ఎనిమిది నుండి సాయంత్రం అయిదు దాకా ఇనుముకు బెజ్జాలు వేయడమే ఆయన ఉద్యోగం. ఆయన డ్రిల్లు కింద ఇనుపదిమ్మె వెన్నముద్ద. అదే మనిషి ఇంటికొచ్చి తన నల్లబండి ముందు నిలబడ్డాక, ఎవరైనా డ్రిల్లు మాట ఎత్తితే చంటిబిడ్డకు సూది వేయమన్నట్టు ఉలిక్కిపడేవాడు.

మరి బండికి సామాన్లు బిగించేదెట్లా? పాత సైకిలు ట్యూబుతో. ట్యూబును రెండువేళ్ళ వెడల్పున పేలికలుగా కోసి, నీళ్ళలో నానబెట్టి, రంగు గీసుకుపోకుండా కింద మెత్తని గుడ్డ వేసి, ఊపిరి బిగబట్టి కట్టేవాడు. సైకిలు అంగడి మద్దిలేటి చిల్లులు పడిన ట్యూబులన్నీ ఆయన కోసమే దాచేవాడు.

"ఏం బాలన్నా, ఈతూరి ఏం కడతాండావ్?"

"హారను."

"మోగేది హారనా, కట్టా?"

1979లో ఆయనను పెళ్ళాడి ఆళ్ళగడ్డ నుండి వచ్చిన ఉమామహేశ్వరమ్మ ఈ కట్టుబడిని మొదట నవ్వుతూ చూసింది. పదకొండు పేలికలతో కట్టిన అద్దం ప్రతి గుంతలోనూ తలెత్తి ఆకాశం వైపు తిరిగేది. "వెనక లారీ వస్తాందేమో చూడయ్యా" అని ఆమె అడిగితే, ఆయన అద్దంలోకి చూసి నిజాయితీగా చెప్పేవాడు: "లారీ కనపడలే. మోడాలు వస్తాండాయి." ఒకసారి నంద్యాల నాలుగురోడ్ల దగ్గర ఒక పోలీసాయన బండిని ఆపి, చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది బండా, కట్టెలమోపా?" అని అడిగాడు. బాలస్వామి నొచ్చుకోలేదు. "మోపే సార్. కానీ ఒక్క బెజ్జం చూపియ్యండి" అన్నాడు. పోలీసు చూపించలేకపోయాడు.

మూడో ఏట ఆమె ఒక కోరిక కోరింది. వెనక కూర్చున్న ఆడవాళ్ళ చీర చక్రంలో పడకుండా పక్కన బిగించే ఇనుపజాలీ కావాలంది. బాలస్వామి మరునాడే తెచ్చాడు. ఆదివారం పొద్దుటి నుండి వాకిట్లో కూర్చుని, పందొమ్మిది ముడులతో దానిని బండికి కట్టాడు. పరీక్ష కోసం జాలీకి జొన్నలమూట వేలాడదీశాడు. జాలీ కదలలేదు. ఉమామహేశ్వరమ్మ చూస్తూ నిలబడిపోయింది. కోపం తెప్పించే పనిని కూడా ఇంత గొప్పగా చేయగలిగినవాడిని ఆమె ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ ప్రతివారం లాగే ఆళ్ళగడ్డకు బయలుదేరారు. శిరివెళ్ళ దాటగానే ముడులు ఒకటొకటిగా వీడి, జాలీ తనంతట తాను దిగి, రోడ్డు మీద దొర్లుతూ శనగచేలోకి వెళ్ళిపోయింది. ఆ వెంటనే గొలుసు ఆమె ధర్మవరం చీరచెంగును మూరెడు మింగింది. బండి ఆగడం క్షణం ఆలస్యమై ఉంటే చెంగు వెనక మనిషీ పోయేది.

బాలస్వామి ఒక్క దూకున దిగాడు. "దెబ్బ తగిలిందా మ్మేయ్?"

"లేదు."

"బండికో?"

ఉమామహేశ్వరమ్మ చెంగును గొలుసులో నుండి లాక్కుంది. తర్వాత ఒక్కొక్క మాటే తూకం వేసి అంది. "రెండు బెజ్జాలు. ఉత్త రెండు. వేస్తావా, వెయ్యవా?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా చెయ్యి కోసుకోమన్నా కోసుకుంటా. అది మాత్రం అడగద్దు."

"అయితే నీ బండి నేనెక్కను."

ఆమె అన్నంత పనీ చేసింది. ఆ మరుసటి ఆదివారం నుండి ఆళ్ళగడ్డకు బస్సులోనే ప్రయాణం. బాలస్వామి మాత్రం పెళ్ళాన్ని ఒంటరిగా పంపేవాడు కాడు. వెనక సీటు ఖాళీగా పెట్టుకుని, నలభై కిలోమీటర్లూ బస్సు వెనకే వచ్చేవాడు. కండక్టరు జాలిపడ్డాడు. "అమ్మా, మీ ఆయన్ను గూడా టికెట్ తీసుకోమను. పొగంతా ఆయప్పే మింగుతాండాడు."

బస్సంతా నవ్వింది, ఆమె నవ్వలేదు. ఆమెను తొలుస్తున్న ప్రశ్న ఒక్కటే: ఈ మనిషికి ఇనుము ఎక్కువా, నేనెక్కువా? దానికి జవాబు తేలకుండా ఆ ఇంట్లో కాపురం చేయడం ఆమెకు సాధ్యం కాదు.

ఆళ్ళగడ్డ చేరగానే ఆమెను బస్టాండు నుండి పుట్టింటిదాకా సాగనంపి, "గంటలో వస్తా" అని ఆయన ప్రతివారం ఎక్కడికో వెళ్ళేవాడు. ఆ ఆదివారం ఆమె వెనకాలే నడిచింది. బండి రెండు సందులు దాటి, ఒక నాపరాళ్ళ అరుగు ముందు ఆగింది. అరుగు మీద ఒకాయన కూర్చున్నాడు. పంచె కింద ఒక కాలు కాలు, రెండోది కొయ్య.

ఆయన బండిని పలకరించినట్టు ముందు దీపం మీద చెయ్యి వేశాడు. కళ్ళు మూసుకుని, ట్యాంకు మీదుగా, సీటు కిందుగా, వెనక మడ్‌గార్డు చివరిదాకా తడిమాడు. ఎక్కడా వేలు దిగలేదు. ఆ ముఖం వెలిగిపోయింది.

"నా బండి నా బండి మాదిరే ఉంది రా, బాలా."

"ఉండక యాడ పోతాది, ఓబన్నా?"

ఓబయ్య కథ పుట్టింట ఎప్పుడో విన్నదే; ఆ బండే ఇదని తెలియగానే గోడవార నిలబడిన ఉమామహేశ్వరమ్మకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఎనిమిదేళ్ళ కిందట ఓబయ్య కొత్తబండి కొని పదిహేడు రోజులు తిరిగాడు. పద్దెనిమిదో రోజు కొలిమిగుండ్ల దగ్గర నాపరాతి గనిలో బండ జారి మీద పడి, మోకాలి కిందికి కుడికాలు పోయింది. బండిని అమ్మడానికి మనసొప్పలేదు, చూస్తూ కూర్చోవడానికీ మనసొప్పలేదు. తుప్పు పట్టకుండా తిప్పమని స్నేహితుడి చేతికి ఇచ్చాడు. అనుభవిస్తున్నవాడు వేరు, హక్కుదారు వేరు అని చట్టం గ్రంథాల కొద్దీ చెప్పే సంగతిని బాలస్వామి రబ్బరు పేలికలతో ఆచరించి చూపాడు. బెజ్జం వేస్తే అది బాలస్వామి బండి అయిపోతుంది. వేయనంతకాలం ఓబయ్య ఇంకా బండి ఉన్న మనిషి.

ఆమె ముందుకు వచ్చింది. జాలీ ఊడిన రోజు నుండి భర్త మీద పెంచుకున్న కోపమంతా ఆశ్చర్యంలో కరిగిపోయినా, ఆమె నోరు ఆమెదే.

"అన్నా, నేను ఈయన పెళ్ళాన్ని. నువ్వు బండెక్కనీకి అడ్డమేంది?"

ఓబయ్య తడబడ్డాడు. "కాలిబ్రేకు, సెల్లెమ్మా. కుడికాలితో తొక్కాల."

"దాన్ని చేతికి తేలేమా?"

ఇద్దరు మగవాళ్ళూ నేల చూశారు. చివరికి బాలస్వామి గొణిగాడు. "తేవచ్చు. తీగె లాగి, హ్యాండిలుకు పిడి పెట్టొచ్చు. నాకు మొదటి యాడాదే తట్టింది. కానీ చట్రానికి మూడు బెజ్జాలు పడాల. ఓబన్నను ఎట్ల అడిగేది?"

ఓబయ్య కొయ్యకాలితో అరుగును దబ్బున తన్నాడు. "నాకూ తట్టింది రా! నువ్వు దాన్ని కన్నబిడ్డ మాదిరి చూసుకుంటాంటే, బెజ్జం పెట్టమని నేనెట్ల అనేది? నీకు బాధయితాదని నోరు మూసుకుంటి!"

"ఎనిమిదేండ్లా?" అంది ఉమామహేశ్వరమ్మ.

"ఎనిమిదేండ్లు" అన్నారు ఇద్దరూ.

మరుసటి ఆదివారం చేతి డ్రిల్లు వచ్చింది. బాలస్వామి సుద్దముక్కతో గుర్తు పెట్టి, చెరిపి, మళ్ళీ పెట్టాడు. మొదటి బెజ్జానికి ముప్పావుగంట పట్టింది. మిల్లులో అయితే నిమిషం. రెండోది పది నిమిషాలు. మూడోది అవుతుండగా ఆయన చిన్నగా ఈల వేయడం ఉమామహేశ్వరమ్మ విన్నది.

ఓబయ్య బండెక్కాడు. కొత్త పిడిని నాలుగుసార్లు నొక్కి చూసుకున్నాడు. వీధి చివరిదాకా మెల్లగా వెళ్ళాడు. తిరిగి వస్తాడని ఇద్దరూ నిలబడ్డారు. రాలేదు. రెండు గంటల తర్వాత, ముఖమంతా దుమ్ముతో, అహోబిలం దాకా వెళ్ళి వచ్చాడు.

"రేయ్, వారమంతా నువ్వే పెట్టుకో. ఆదివారం నాకు తే" అన్నాడు ఉదారంగా.

బాలస్వామి తల అడ్డంగా ఊపాడు. తాళంచెవిని స్నేహితుడి గుప్పిట్లోనే మూసి, భార్య వైపు తిరిగాడు. ఆ క్షణాన ఆయన ముఖంలో ఉన్న తెగువను చూసి ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"మ్మేయ్, మనమూ ఒక బండి కొంటాండాం. అది అంగడి గడప దాటకముందే, జాలీకి రెండు బెజ్జాలు నా చేత్తో వేస్తా."